పాత ఇంజన్ ఆయిల్ ఎక్కడ ఇవ్వాలి?

సంపాదకులకు,

నల్లకుంటలో ఇంటి దగ్గరే టైలరింగ్ చేస్తాను. కుట్టుమిషన్ విప్పి బిగించడం ఎప్పటి నుంచో అలవాటు. ఆ ధైర్యంతోనే ఈ ఎండాకాలం మా తమ్ముడి పాత స్ప్లెండర్ ఇంజన్ మీద చెయ్యి వేశాను. సైలెన్సర్ నుంచి నీలం పొగ, పోసిన ఆయిల్ పోసినట్టే తగ్గిపోవడం. "హాఫ్ ఇంజన్ చెయ్యాలక్కా" అన్నాడు వీధి చివరి మెకానిక్. అంటే ఇంజన్ పైభాగం విప్పి పిస్టన్, రింగులు మార్చడం. నేనే చేసుకుంటానంటే నవ్వాడు గానీ పానాల సెట్టు అరువిచ్చాడు.

ముందు రాణిగంజ్‌లో 0.25 మిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్ కొన్నాను. దాన్ని చేతికిస్తేనే బోరింగ్ షాపులో సిలిండర్ తీసుకుంటారు. పిస్టన్ కొలిచాకే దానికి సరిపడా సిలిండర్ లోపలి బోరు పెద్దది చేస్తారు. రింగులను ఒక్కొక్కటిగా బోరులోకి దింపి, కొసల మధ్య సందు ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకులతో చూడాలి. పిస్టన్ పిన్నుకు లాక్ వేసేటప్పుడు కింద ఇంజన్ నోట్లో గుడ్డ కుక్కి పెట్టాలి. లాక్ జారి లోపల పడితే మొత్తం ఇంజన్ విప్పాల్సిందే. టైమింగ్ దగ్గర, అంటే పిస్టన్ కదలికకూ వాల్వుల కదలికకూ జత కలిపే చోట, నాకు భయం వెయ్యలేదు. కుట్టుమిషన్‌లో సూదికీ షటిల్‌కీ పొత్తు కుదిర్చినట్టే, మాగ్నెట్ మీద టీ గుర్తు, పైన క్యామ్ పళ్లచక్రం గుర్తు రెండూ సరిపోవాలి. బండి స్టార్టయింది. పొగ లేదు.

చిక్కంతా ఆయిల్‌తో వచ్చింది. దించింది లీటరు లోపే. కొత్త రింగులు కుదురుకునేటప్పుడు ఇనుప రజను వస్తుంది కాబట్టి, కొత్తగా పోసినదీ తొందరగానే మార్చాలి. సామాను కడిగిన డీజిల్ వేరే. ఎక్కడ పారబోయాలని అడిగితే తలో మాట. మోరీలో పొయ్యమన్నారు. చెదలు పట్టకుండా గోడ వారన పొయ్యమన్నారు. సెంట్రింగ్ చెక్కలకు పూస్తారు, మేస్త్రీకి ఇచ్చెయ్యమన్నారు. మా పక్క నుంచి పోయే హుస్సేన్ సాగర్ నాలా మూసీలో కలుస్తుంది. మూసీ నీళ్లతో దిగువన గడ్డి పెంచుతారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు మన ఇళ్లకే వస్తాయి. మోరీలో పొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

మా అబ్బాయి లా చదువుతున్నాడు. వాడికి పని చెప్పాను. వాడిన ఇంజన్ ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థమట. శుద్ధి చేస్తే మళ్లీ ఆయిల్ తయారీకే పనికొస్తుందట. ఆ శుద్ధి జరిగేలా చూసే బాధ్యత 2024 ఏప్రిల్ నుంచి ఆయిల్ కంపెనీలకూ ఉంది. పెయింటు డబ్బాలు, బ్యాటరీల వంటి ఇంటి ప్రమాదకర చెత్త కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. అక్కడ ఆయిల్ కూడా తీసుకుంటే మాలాంటి వాళ్లకు టెన్షన్ తప్పుతుంది. ఇంకా సులువైన దారి నాకు తోచింది చెబుతాను: కొత్త ఆయిల్ అమ్మే కొట్టువాడే పాత ఆయిల్ వెనక్కి తీసుకోవాలి. కొనడానికి ఎలాగూ అక్కడికే పోతాం కదా.

నాలాల పూడికతీత వార్తలు వానాకాలం ముందు మీ పత్రికలో వస్తూనే ఉంటాయి. ఈసారి వాటి పక్కనే, నగరంలో పాత ఆయిల్ తీసుకునే చోట్ల చిరునామాలు కూడా వెయ్యండి. లీటరు, రెండు లీటర్లు తెచ్చినా తీసుకునేవే వెయ్యండి, డ్రమ్ముల లెక్కన కొనేవాళ్లతో మాకు పని జరగదు.

— ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్