కార్గిల్ రోజు ఫ్లెక్సీ గురించి

అందరికీ నమస్కారం. జూలై 26కి ఫ్లెక్సీ కోసం కుర్రాళ్లు చందా అడిగారు. ఇస్తాను గానీ ఒక మాట. పోయినసారి ఫ్లెక్సీలో జవాను బొమ్మ బొటనవేలంత, మన పెద్దమనుషుల మొహాలు గంపంత. వారం తిరిగేసరికి అది పకోడీల బండికి పైకప్పు అయింది!

నిరుడు ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం చూశాం. 2019లో కట్టారు. గుండ్రటి గోడల నిండా గ్రానైట్ పలకలు, ఒక్కోదాని మీద ఒక్క పేరు. అంతే, ఎవరి ఫొటోలూ లేవు. 2020లో చైనా సరిహద్దు దగ్గర గల్వాన్‌లో పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు కోసం వెతుక్కుంటూ తిరిగాం. మా ఆవిడ అక్కణ్ణించి చాలాసేపు కదల్లేదు.

పోయినవాళ్లకు దండలు సరే, వెళ్లేవాళ్ల సంగతి? ఇప్పుడు సైన్యంలో జవాన్లుగా చేరే కుర్రాళ్లను అగ్నివీరులంటారు, వాళ్లకు కొలువు నాలుగేళ్లే. నూటికి పాతికమందిని మించి ఉంచుకోరు, మిగతావాళ్లకు పింఛను లేదు. సైన్యంలో కుర్రతనం ఉండాలన్న మాట కాదనను. కానీ తెల్లారకముందే హైస్కూల్ గ్రౌండ్‌లో ఆ ఎంపిక కోసం 1600 మీటర్లు పరిగెత్తే మన పిల్లల్ని చూస్తే నాకు గర్వం కన్నా బెంగే ఎక్కువ.

ఫ్లెక్సీ వద్దని నా ఓటు. ఆ డబ్బు డిసెంబర్ 7న, సైనికుల కుటుంబాలకు సాయపడే సాయుధ దళాల జెండా నిధికి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కడదాం. కాదనేవాళ్లు ఇక్కడే తిట్టండి, రాత్రి పదింటికి ఫోన్ చేయొద్దు.