పిల్లలు లేరని మూసిన గది, పలకలేదని మూసిన ఫిర్యాదు

విజయనగరం,
20 జనవరి 2026

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,
ముంబయి కార్యాలయం.

విషయం: గత సెప్టెంబరులో మా కుటుంబం చేసిన సింగపూరు – పెనాంగ్ – ఫుకెట్ క్రూయిజ్ ప్రయాణం, అంతకన్నా ముఖ్యంగా, అది ముగిసిన నాటి నుంచి మీరు నా చేత చేయిస్తున్న ప్రయాణం.

అయ్యా / అమ్మా,

ఇది మీ సంస్థకు నేను రాస్తున్న ఏడో ఉత్తరం. మొదటి ఆరింటినీ ఈ-మెయిల్‌లో పంపాను. వాటిలో ఐదింటికి, పంపిన నిమిషం తిరగకుండానే, 48 గంటల్లో మీ ప్రతినిధి నన్ను సంప్రదిస్తారని జవాబు వచ్చింది. ఆరోదానికి ఆ మాట కూడా రాలేదు. మీ యంత్రానికి సైతం నా మీద విసుగు పుట్టిందని గ్రహించి, ఈసారి కాగితం మీద రాసి, అందుకున్నవారి సంతకం తీసుకునే పద్ధతిలో స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఎవరో ఒకరు కవరు పట్టుకోక తప్పదు కదా.

నా గురించి ఒక మాట. నేను ఖజానా శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బిల్లు మీద కొర్రీ వేయడం ఎలాగో, వేసిన కొర్రీకి సమాధానం వచ్చాక ఇంకో కొర్రీ వేయడం ఎలాగో నాకు ఎవరూ నేర్పక్కరలేదు. అయితే మా కార్యాలయంలో ఒక నియమం ఉండేది: ఉన్న అభ్యంతరాలన్నీ ఒకేసారి రాయాలి, రాసినవాడు కింద సంతకం పెట్టాలి. మీ దగ్గర అభ్యంతరాలు విడతలవారీగా వస్తాయి, సంతకం మాత్రం ఎవరిదీ ఉండదు. ఈ విద్యలో మిమ్మల్ని చూసి నేనే సిగ్గుపడ్డాను.

మేము మీకు కొత్తవాళ్ళం కాము. 2019లో నేనూ నా భార్యా, 2023లో మా వియ్యాలవారితో కలిసి, మీ ద్వారానే ఓడ ఎక్కాము. మా వీధిలోని మరో రెండు కుటుంబాలను మీ దగ్గరకు పంపినదీ నేనే. మూడోసారి కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ళ మనవరాలు, నాలుగేళ్ళ మనవడితో కలిపి ఆరుగురం బయలుదేరాము. వేసవి సెలవుల్లో వెళ్దామనుకుంటే మా అబ్బాయికి సెలవు దొరకలేదు, ఛార్జీలూ అందుబాటులో లేవు. దసరా సెలవుల్లో వెళ్ళి మా ఊరి అమ్మవారి సిరిమాను పండగకు ఇల్లు చేరవచ్చని, విశాఖ నుంచి సింగపూరుకు నేరుగా విమానం ఉండడం పిల్లలకు సుఖమని లెక్కవేసుకున్నాము. అప్పుడు మీ అమ్మకాల ప్రతినిధి ఫోనులో చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: ‘సెలవుల రద్దీలో పిల్లల క్లబ్బు దగ్గర వరసలో నిలబడాలి సార్, సెప్టెంబరులో అయితే మొత్తం మీవాళ్ళదే.’

ఆ మాట ఒక విధంగా నిజమే అయింది. ఓడలో పిల్లలు బహు తక్కువ. అందుచేత పిల్లల క్లబ్బు నాలుగు రాత్రులూ తెరవలేదు. తలుపు మీద బొమ్మ ఆక్టోపసు, దాని కింద తగినంత మంది పిల్లలు లేనందున మూసివేశామని ఒక కాగితం. తలుపుకు ఉన్న గుండ్రటి అద్దంలోంచి చూస్తే లోపల రంగురంగుల బంతులు మోకాలెత్తున పోసి కనిపించేవి. మా మనవడు పొద్దున్నే నా చేయి పట్టుకుని అక్కడికి తీసుకువెళ్ళి, పిడి ఒకసారి తిప్పి చూసి, ‘ఇవాళా లేదు తాతా’ అని వెనక్కి వచ్చేవాడు. ఖాళీగా ఉంటుందని చెప్పి అమ్మారు, ఖాళీగా ఉందని చెప్పి మూశారు. ఈ తర్కాన్ని నాకు విప్పి చెప్పగలవారు మీ సంస్థలో ఉంటే వారికి నమస్కారం.

ఇక ఫుకెట్ సంగతి. అక్కడ పటోంగ్ తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో దిగాలి. నైరుతి రుతుపవనాల పోటు ఇంకా తగ్గని రోజులు కావడంతో కెరటాలు ఎక్కువగా ఉన్నాయని కెప్టెన్ అక్కడ ఆపకుండా ఓడను ముందుకు తీసుకుపోయారు. ఆయన నిర్ణయం మీద నాకు రవ్వంత కోపం లేదు. మేము ఉత్తరాంధ్రవాళ్ళము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును, 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసినవాళ్ళము. చంటిపిల్లలను కెరటాల మీద చిన్న పడవలోకి దించని కెప్టెన్‌ను మేము మెచ్చుకుంటాము గాని తిట్టము. మీ షరతుల కాగితంలో ఆ అధికారం ఆయనకు ఉందని రాసి ఉంది. ఓడ ఆగని రేవులో మీ ద్వారా ముందుగా కొన్న విహారయాత్ర సొమ్ము వాపసు ఇస్తామని కూడా, అదే పుటలో, దానికి నాలుగు వరసల కింద రాసి ఉంది. మొదటి వరస చదవగలిగినవారు అయిదో వరస చదవలేకపోవడమే నా కష్టానికి మూలం.

ఓడలోని సేవా కౌంటరులో అడిగితే, డబ్బు భారతదేశంలో కట్టారు కనుక భారతదేశంలోనే అడగమన్నారు. తిరిగివచ్చి మీ కాల్ సెంటరులో అడిగితే, ఓడ దిగకముందే అక్కడ తేల్చుకోవలసింది అన్నారు. ఒడ్డున ఉన్నప్పుడు సముద్రం వైపు, సముద్రంలో ఉన్నప్పుడు ఒడ్డు వైపు చూపించడంలో మీవారి చాకచక్యం మెచ్చదగినది.

అక్టోబరు 3న నా ఫిర్యాదు నమోదు చేసుకున్న యువకుడు తొమ్మిది నిమిషాల్లో ‘మీ బాధ అర్థం చేసుకోగలను సార్’ అని పదకొండుసార్లు అన్నాడు. ఏమి అర్థమైందో చెప్పమంటే, బుకింగ్ నంబరు మళ్ళీ చెప్పమన్నాడు. ఊరు విజయనగరం అంటే, విజయవాడా అని ఒకసారి, హంపీ దగ్గరదేనా అని ఇంకోసారి అడిగాడు. మాది గజపతుల విజయనగరమని, రాయలవారిది వేరని, పిన్‌కోడు 535తో మొదలవుతుందని ఓపికగా పాఠం చెప్పాను. ఆ పాఠం ఎంతవరకు వంటబట్టిందో ముందు ముందు తెలుస్తుంది.

అక్టోబరు 7, మంగళవారం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు సాయంత్రం మా ఊళ్ళో ఫోను మాట్లాడడమంటే ఏమిటో మీకు తెలియదు కనుక చెబుతున్నాను. మేము మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఇరుక్కుని నిలబడ్డాము. సిరిమానుకు ముందు నడిచే బెస్తవారి వల వెళ్ళింది, అంజలి రథం వెళ్ళింది, తెల్ల ఏనుగు వెళ్ళింది, వెనకనే మాను చివర పూజారితో సిరిమాను కదిలింది. చుట్టూ జనం అరటిపళ్ళు విసురుతూ జేజేలు కొడుతున్నారు. భుజాన మనవడు. సరిగ్గా అప్పుడు జేబులో ఫోను మోగింది. నాలుగు రోజులు నేను ఎదురుచూసిన ఫోను అదే! చెవికి ఆనించి, ఒక్క గంట ఆగి చేయమని నా గొంతు ఉన్నంతవరకు అరిచాను. అవతలి మాట ఒక్కటీ వినిపించలేదు. పందొమ్మిది సెకన్లకు ఫోను తెగిపోయింది. సిరిమాను కోట దాకా వెళ్ళకముందే సందేశం వచ్చింది: ‘వినియోగదారుడు స్పందించనందున మీ ఫిర్యాదు ముగించబడినది.’ ఆ సందేశం కింద, మా సేవకు అయిదులో ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ప్రశ్న.

నా భార్య అది చదివి, ‘ఏటండీ ఇది, మనం నోరెత్తితే కదా వాళ్ళు ఫోను పెట్టీసినారు’ అంది. ఇంతకన్నా క్లుప్తంగా నేను రాయలేను.

ముగిసిన ఫిర్యాదును తిరిగి తెరవడానికి మీ దగ్గర వీలు లేదట, కొత్తది పెట్టాలట. పెట్టాను. ఈసారి దొరికిన ప్రతినిధి ఓడ ఫుకెట్‌లో ఆగలేదనడానికి రుజువు పంపమన్నారు. ఆగిన చోటికి రుజువు ఉంటుంది, ఫొటో ఉంటుంది, పాస్‌పోర్టులో ముద్ర ఉంటుంది. ఆగని చోటికి నేనేమి పంపాలి? నేను ఇంకా బతికే ఉన్నానని ఏటా ప్రభుత్వానికి ధ్రువపత్రం ఇచ్చుకునే పింఛనుదారుణ్ణి కనుక రుజువులంటే నాకు అలవాటే. కానీ ఓడ మీరు అమ్మినది, దారి మీరు గీసినది, ఎక్కడ ఆగిందో మీ ఓడవారిని అడిగితే ఒక్క ఫోనుతో తేలుతుంది. నా చేత ఆ ఓడ దినచర్య కాగితాల ఫొటోలు పంపించుకున్నారు. చేరాయా అని అడిగితే, ఆ ఈ-మెయిల్ వేరే విభాగానిదని, మళ్ళీ పంపమని అన్నారు.

మధ్యలో ఒక్కసారి మాత్రం మనిషి తగిలింది. తెలుగు అమ్మాయి, మాట నెమ్మది. కాగితాలన్నీ తెరిచి చూసి, ‘ఇది మీకు రావలసిన డబ్బేనండీ, వాపసు పత్రం కొరియరులో పంపిస్తాను, సంతకం చేసి పంపండి’ అంది. ఆ పూట నేను కడుపునిండా భోంచేశాను. పది రోజులు గడిచినా పత్రం రాలేదు. కొరియరు నంబరు పట్టుకుని వెతికితే, అది బెంగళూరులోని విజయనగర్‌కు చేరి, అక్కడ ఎవరో కాపలాదారు అందుకున్నట్టు తేలింది. మళ్ళీ ఫోను చేసి ఆ అమ్మాయిని అడిగితే, ఇప్పుడు ఆమె ఆ విభాగంలో లేదన్నారు. పని చేసినందుకు బదిలీ అయిందేమోనని నాకు అనుమానం. ఆమె వల్ల నాకు ఏ ఇబ్బందీ కలగలేదు, ఈ ఉత్తరం ఆమె మీద ఫిర్యాదుగా తీసుకోవద్దు.

డిసెంబరులో మాట్లాడినాయన మేనేజరునని చెప్పుకున్నారు. పేరు అడిగితే, నియమాలు ఒప్పుకోవన్నారు. ఆయన అన్న మాట ఇది: ‘మీరు సీజను కాని సమయంలో తక్కువ ధరకు తీసుకున్నారు కదా సార్, అన్నీ ఉండాలంటే ఎలా?’ ఈ మాట దగ్గరే నా ఓపిక చచ్చిపోయింది. ఆరుగురికి 4,38,000 రూపాయలు కట్టాము. నాలుగేళ్ళ పిల్లవాడి పేర కూడా రాత్రికింత అని సిబ్బంది బహుమానపు రుసుము పెద్దవాళ్ళతో సమానంగానే వసూలు చేశారు, అందులో సీజను తగ్గింపు ఏమీ కనిపించలేదు. మా రైతుబజారులో చీకటిపడే వేళ సగం ధరకు కొన్న వంకాయల్లో పుచ్చు కనిపిస్తే, మర్నాడు ఆ అమ్మ రెండు కాయలు మారు మాట లేకుండా మార్చి ఇస్తుంది. చౌకగా కొన్నావు కదా, పుచ్చుతోనే తినమని ఆవిడ ఎన్నడూ అనలేదు.

జనవరి మొదటి వారంలో నా నంబరు నుంచి ఫోను చేస్తే పాట వినిపించి ఆగిపోతోంది. మా అబ్బాయి ఫోను నుంచి కొత్త ప్రయాణం కొనడానికి మీట నొక్కి చూశాము. రెండో రింగుకే ఎత్తి, ఎంతో మర్యాదగా, ఈసారి పిల్లలతో ఎక్కడికి వెళ్దామనుకుంటున్నారని అడిగారు.

కాబట్టి ఫుకెట్ విహారానికి మేము కట్టిన 27,600 రూపాయలు, ఓడ ఆగని ఆ రేవుకు మా దగ్గర తీసుకున్న రుసుము, ఇవి మీ షరతుల ప్రకారం నాకు రావలసినవి, ఇస్తే మీరు దయ చూపినట్టు కాదు. వీటితోపాటు, డబ్బుకన్నా ముందుగా, పేరూ హోదా ఉన్న ఒక మనిషి సంతకంతో నాకు జవాబు కావాలి. అక్టోబరు 7న నేను స్పందించలేదని రాసుకున్న ఆ వాక్యాన్ని మీ రికార్డు నుంచి కొట్టివేయాలి. మూడింటిలో మొదటి రెండూ ఆలస్యమైనా సహిస్తానేమో గాని, మూడోదాన్ని మాత్రం వదలను.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోగా జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేస్తాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ముంబయి రానక్కరలేదు, నేను నివసించే చోటే దాఖలు చేయవచ్చు. అయిదు లక్షల లోపు చెల్లించిన వ్యవహారానికి రుసుము లేదు. గడువు రెండేళ్ళు, అందులో నాలుగు నెలలే గడిచాయి. విశ్రాంత ఉద్యోగిని, తీరికకు కొదవలేదు, కాగితాలన్నీ తేదీలవారీగా కుట్టి పెట్టుకున్నాను. కమిషన్ కార్యాలయం మా ఇంటికి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. డాక్టరు ఎలాగూ రోజూ నడవమన్నారు.

ఇంకొకటి. మా పింఛనుదారుల బృందంలో పద్నాలుగు మంది ఈ ఏడాది దసరాకు మనవలతో ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. ఏ సంస్థ ద్వారా వెళ్తే మంచిదని రోజూ ఉదయం పెద్దచెరువు గట్టు మీద నన్నే అడుగుతున్నారు. ఇప్పటిదాకా నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకుండా ఎంతకాలం ఉండవచ్చో మీ దగ్గరే నేర్చుకుంటున్నాను.

మా మనవడు మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, ఆ బంతుల గది ఇప్పుడు తెరిచారా అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను.

జతపరచినవి: బుకింగ్ రసీదు, ఓడ దినచర్య కాగితాలు, ఆరు ఈ-మెయిళ్ళ నకళ్ళు, బెంగళూరు చేరిన కొరియరు వివరం.

ఇట్లు,
మీ రికార్డుల్లో ‘స్పందించని వినియోగదారుడు’గా నమోదైన ప్రయాణికుడు,
విజయనగరం (ఆంధ్రప్రదేశ్, హంపీ దగ్గరది కాదు, బెంగళూరులోనిదీ కాదు)