బీపీ మాత్ర పెంచే ముందు రెండు ప్రశ్నలు

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

"గుండె దడదడ కొట్టుకుంటుంది బిడ్డా, రాత్రి నిద్ర పడతలేదు, పక్షవాతం వస్తదేమోనని భయమైతుంది." బీపీ మాత్రల కోసం పల్లె దవాఖానకు వచ్చే పెద్దవాళ్లు తరచూ అనే మాటలివి. బీపీ చూసే మిషన్ పైఅంకె 170 చూపిస్తుంది. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెరుగుతుంది. భయం సంగతి రిజిస్టర్‌లోకి ఎక్కదు, దానికి గడే లేదు.

ఆ 170లో రక్తపోటు ఎంత, గాభరా ఎంత? నడిచొచ్చిన మనిషిని వెంటనే స్టూలు మీద కూర్చోబెట్టి, మాట్లాడిస్తూ చూస్తే తేలదు. ముందు మూత్రానికి వెళ్లి రమ్మనాలి. వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు ఊరకే కూర్చోనివ్వాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి మిషన్ చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం తేడాతో మూడుసార్లు చూసి, చివరి రెండింటి సగటు రాయాలి. తర్వాత నిలబెట్టి 1, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పైఅంకె 20 గానీ కిందిఅంకె 10 గానీ పడిపోతే మోతాదు పెంచడం ప్రమాదం.

ఇది చూడకుండా పెంచితే ఏమవుతుంది? ఆమ్లోడిపిన్ 10తో కొందరికి పాదాలు వాస్తాయి. "కిడ్నీలు పోయినట్టున్నయి" అని కొత్త దిగులు మొదలవుతుంది. రాత్రి మూత్రానికి లేస్తే కళ్లు తిరుగుతాయి. పడితే తుంటి ఎముక విరగొచ్చు. పడకపోయినా, బీపీ పెరిగి తల తిరిగిందనుకుని మర్నాడు మళ్లీ లైన్లో నిలబడతారు. ఇంకో మాత్ర.

ఆశాలు ఇంటింటా జబ్బుల ముప్పు తెలుసుకోవడానికి నింపే సీబ్యాక్ ఫారంలో కుంగుబాటుకు రెండు ప్రశ్నలున్నాయి. ఆందోళనకూ రెండు చేర్చండి. గత రెండు వారాల్లో గాభరాగా, కుదురు లేకుండా ఎన్ని రోజులున్నారు? బెంగ ఆపుకోలేకపోయినవి ఎన్ని రోజులు? అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు మాట్లాడాలి. అంతమాత్రాన జబ్బని తేల్చెయ్యకూడదు. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ తప్పడం కూడా ఇలాగే దడ పుట్టిస్తాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, ఈసీజీ చూడాలి.

ఆందోళనేనని తేలితే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) అక్కడికక్కడే ఫోన్ కలిపివ్వాలి. నంబరు కాగితం మీద రాసిస్తే అది మందుల సంచిలోనే ఉండిపోతుంది. మందు అవసరమైతే ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చు. కానీ హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి, మూత్రం ఎక్కువ పోయించే నీటి మాత్ర వాడే పెద్దవాళ్లలో దీనివల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు కాబట్టి రెండు వారాల్లోపు రక్తపరీక్ష కావాలి. ఆ మందూ, ఆ పరీక్షా రెండూ పీహెచ్‌సీలోనే దొరకాలి.

లేకపోతే దొరికేది మెడికల్ షాపులో గాభరా అణిచి నిద్ర పుచ్చే ఆల్ప్రజోలం. అలవాటు పడతారు, మతిమరుపు వస్తుంది, తూలి పడతారు. షెడ్యూల్ హెచ్1 మందు కనుక చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది ప్రత్యేక రిజిస్టర్‌లో రాయాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టర్ తెరిచి చూసేలా ఆదేశించండి.

కుర్చీలు, రెండు సైజుల పట్టీలు, ఫారంలో రెండు వరుసలు. వీటి ఉత్తర్వు ముందివ్వండి, మందుల టెండరు వెనక వచ్చినా సర్దుకుంటాం.

ఇట్లు,
బీపీ క్లినిక్‌లలో పనిచేసే వైద్యులు, నర్సులు