గబ్బిలాన్ని తిట్టి వయ్యారిభామని వదిలేస్తే ఎలా?

ఒరేయ్ శీనూ,

జామతోటలో గబ్బిలాలు పడుతున్నాయి, అవి వేలాడే మర్రి కొమ్మలు కొట్టించేస్తానని ఫోన్లో అంత గొడవ చేశావు కదా, మాట పెరుగుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, తిట్టుకోకుండా చదువు. నీ గట్టు పొడుగునా తెల్లగా పూసిన వయ్యారిభామని, అదే ఆ పార్థీనియం కలుపుమొక్కని, మాత్రం ఒక్క మాట అనలేదు నువ్వు!

ఇక్కడ బెంగళూరులోనూ ఇదే తంతు. మా వీధిలో సింగపూర్ చెర్రీ చెట్టుకి రాత్రిళ్ళు చిన్న గబ్బిలాలొస్తాయి, పండు కరుచుకుని పక్క చెట్టుకి పోయి, రసం మింగి పిప్పి ఉమ్మేస్తాయి, అదంతా కార్ల మీద. చెట్టే కొట్టించేద్దామని ఒకాయన పట్టు. ఎదురుగా ఖాళీ సైటు నిండా నడుమెత్తు వయ్యారిభామ ఉన్నా ఎవరికీ టెన్షన్ లేదు.

మర్రిచెట్టుకి వేలాడే పెద్ద గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లని కంటుంది. వయ్యారిభామ మొలిచిన నెలకే పూతకొస్తుంది, బాగా పెరిగిన మొక్క ఒక్కటే 15,000కి పైగా గింజలు రాల్చగలదు. గబ్బిలం మర్రి, రావి, మేడి గింజలు ఊరంతా చల్లుతుంది. ఇదేమో పక్కన ఇంకో మొక్కని లేవనివ్వదు, దానిలోని విషం అలాంటిది. ఒంటికి తగిలితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం, గేదె మేస్తే పాలు చేదు. 1950ల్లో పూణేలో బయటపడింది, అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందంటారు. దీన్ని తినడానికి మెక్సికో పెంకుపురుగుని తెప్పించి 1984లో ఇదే బెంగళూరులో వదిలారు. అది వానాకాలంలో ఆకులు బాగానే నమిలేస్తుంది, తడి ఆరితే మట్టిలో దూరి పడుకుంటుంది, ఈ మహాతల్లేమో నీళ్ళు తగిలిన చోటల్లా మళ్ళీ లేస్తుంది.

అంతెందుకు, 1972 వన్యప్రాణి చట్టమే పండ్ల గబ్బిలాలని ఎలుకలు, కాకులతో కలిపి చీడల జాబితాలో వేసింది. 2022 సవరణలో గానీ ఆ జాబితా ఎత్తెయ్యలేదు.

గబ్బిలాల నుంచి మనుషులకి సోకే నిపా వైరస్ సంగతేంటంటావని తెలుసు. 2018లో కేరళలోని కోళికోడ్‌లో అది సోకి జనం చనిపోవడం చూశాం, ఆ భయం వట్టిది కాదు. కొరికిన పండు పిల్లల్ని ముట్టనివ్వకు, గబ్బిలాన్ని చేత్తో పట్టుకోకు. కానీ మర్రి కొమ్మలు కొట్టించినంత మాత్రాన అవి నీ జామకాయలు మర్చిపోతాయా? కాయ పండబారకముందే వల కప్పు. ఖర్చే, కాదనను.

వయ్యారిభామని మాత్రం వాన పడి నేల మెత్తబడగానే, పూత రాకముందే వేళ్ళతో సహా పీకించు. గింజ పట్టినదాన్ని పెంటకుప్పలో వెయ్యకు, ఎరువుతో పాటు చేలోకి పోతుంది. కూలీలకి గ్లౌజులివ్వు, నాన్నగారిని అటు పంపకు, అసలే ఆయనకి ఉబ్బసం.

వల రేటు ఇక్కడ కనుక్కుంటాను, తోట కొలతలు పంపు.

నీ
కిట్టు