గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు లాగ్ చూడండి

సంపాదకులకు,

బెజవాడ ఎండల్లో లైనక్స్ కంప్యూటర్ ఆటలోనో, వీడియో రెండరింగ్‌లోనో ఆగిపోతే చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మార్చేస్తున్నారు. తొందరపడకండి. ఎన్విడియా కార్డయితే ‘ఎన్విడియా-ఎస్‌ఎంఐ’ కమాండులో పెర్ఫార్మెన్స్ వివరాలు అడగండి. క్లాక్ (కార్డు పనిచేసే వేగం) తగ్గింది వేడి వల్లా, పవర్ పరిమితి (కార్డు వాడుకోగల కరెంటు హద్దు) వల్లా అన్నది అదే చెబుతుంది. నిండు లోడులో పవర్ పరిమితి తగలడం మామూలే, అది లోపం కాదు. వేడి అయితే ఫ్యాన్ల దుమ్ము దులిపి, కార్డు ఒప్పుకునే హద్దులోనే పవర్ లిమిట్ కాస్త దించండి, ఉదాహరణకు 200 వాట్ల నుంచి 170కి. వేగం పెద్దగా పోదు. రీబూట్ చేస్తే ఆ మార్పు పోతుంది కనుక, కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట నడిచే సిస్టమ్‌డీ సర్వీసుగా రాసుకోవాలి.

లైనక్స్ లోపాలను నమోదు చేసే కర్నల్ లాగ్‌లో ‘ఎక్స్‌ఐడీ 79’ అనే ఎర్రర్ కోడ్ కనిపిస్తే కార్డుతో సిస్టమ్‌కు సంబంధం తెగినట్టు. ఓవర్‌క్లాక్ (కార్డును మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగు) ఉంటే తీసేసి పవర్ సప్లై, కేబుళ్లు, స్లాటు చూడాలి. కార్డు మార్చమనే రిపేరు షాపులు ముందు ఆ లాగ్‌ను కస్టమర్‌కు చూపించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ