చేపల తొట్టిలో ఆక్సోలాటిల్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను బాగున్నాను, అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను.

మొన్న ఫోన్‌లో నీ గప్పీ చేపల తొట్టిలోనే, బల్లిలా తోకతో నీళ్లలోనే బతికే సాలమాండర్ రకం జీవి, ఒక ఆక్సోలాటిల్‌ని కూడా పెంచుకోవచ్చా అని అడిగావు. ఆఫీసుకు టైమవుతోందని ఒక్క ముక్కలో వద్దనేసి పెట్టేశాను. నీ గొంతు చిన్నబోయింది. అందుకే ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను.

ఆ పని నేను చేసి చూశాను రా. పది గప్పీలున్న తొట్టిలో దాన్ని వదిలాను. ఈ సాలమాండర్‌కి తలకి రెండువైపులా మూడేసి మొప్పలు ఎర్రటి ఈకల్లా బయటికే ఉంటాయి కదా, అవి ఊగుతుంటే చేపలకి పురుగుల్లా కనబడతాయి కాబోలు. నాలుగో రోజు పొద్దున చూస్తే ఎడమవైపు మొప్ప ఒకటి ఉత్త కాడే మిగిలింది, నూగంతా కొరికేశాయి. పాపం, తోక కొన వంకర తిప్పుకుని మూలకి నక్కింది. గప్పీలు లెక్కపెడితే ఏడే. అవి దీన్ని పీకాయి, రాత్రి ఇది వాటిని మింగింది. నమలడం దానికి తెలీదు. నోరు చటుక్కున తెరిచి, ఎదురుగా ఉన్నదాన్ని నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది. తొట్టి అడుగున గులకరాళ్లుంటే అవీ మింగుతుంది, కడుపులో అడ్డం పడతాయి. సన్న ఇసుకే వెయ్యాలి. కోరిడోరస్ లాంటి ముళ్లున్న చేపలైతే గొంతులోనే ఇరుక్కుంటాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ల వేడి ఒక ఎత్తు. గప్పీలకి 24 నుంచి 26 డిగ్రీలు హాయి. ఆక్సోలాటిల్‌ది మెక్సికోలోని సొచిమిల్కో సరస్సు, దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. 24 దాటితే తిండి మానేసి జబ్బు పడుతుంది. ఒకే తొట్టిలో ఎవరో ఒకరు బాధపడక తప్పదు. పోనీ దాని చుట్టమైన న్యూట్‌ని తెచ్చుకుంటానంటావేమో, కొన్ని జాతుల చర్మంలో విషం ఉంటుంది, చేపలకి అదీ ముప్పే.

ఆ రోజే దాన్ని వేరే తొట్టికి మార్చాను. ఆ తొట్టిలో మలినాల్ని విరిచే మంచి బాక్టీరియా ఇంకా కుదురుకోలేదు గనక రోజూ కొన్ని నీళ్లు మార్చుతూ, వానపాములు పెడుతూ కాపాడుకున్నాను. కొన్ని వారాలకి ఆ కాడ మీద గులాబీ రంగు నూగు మొలిచింది. అద్దానికి మొహం ఆనించి ఎంతసేపు చూశానో! తెగినవి మళ్లీ పుట్టించుకునే శక్తి దానికి ఉన్నమాట నిజమే, అలాగని కొరికించడానికి నాకు మనసొప్పదు.

నీకు నిజంగా ఇష్టమైతే దానికోసం విడిగా ఒక తొట్టి పెట్టు. ఫిల్టర్ నడిపి, నీళ్లలో విషంలా పనిచేసే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే దాన్ని దించాలి, అందుకు నెల పైనే పట్టొచ్చు. ముందు తొట్టి పెట్టబోయే గదిలో ఒక బకెట్ నీళ్లు పెట్టి, వారం రోజులు పొద్దునా మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలున్నాయో రాసి పంపు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ అవసరమా కాదా అది చూసి చెబుతాను. అప్పటిదాకా కొనకు.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

నీ అక్క