పబ్ వెనుక భోజనాల గదికి ప్లానింగ్ అనుమతి నిధి: 2024 ఏప్రిల్ నుండి 2025 మార్చి వరకు జమా ఖర్చుల వివరణ

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మన పేట పబ్ వెనుక 38 చదరపు మీటర్ల భోజనాల గది కట్టడానికి కావలసిన అనుమతుల కోసం వసూలు చేసిన చందాల లెక్కను 2025 మార్చి 31 నాటికి ముగించాము. ఇంగ్లీషు ప్రతిని పబ్ నోటీసు బోర్డుపై ఉంచాము. చందా ఇచ్చిన 68 కుటుంబాలలో 23 తెలుగు కుటుంబాలు. వాటిలో చాలా ఇళ్లలో పెద్దలు తమ చేతులతోనే చందా అందించారు కనుక, ప్రతి పౌండూ ఎక్కడికి వెళ్లిందో వారికి వారి భాషలోనే చెప్పవలసిన బాధ్యత ఈ నిధి కమిటీపై ఉంది.

ముందుగా ఈ సొమ్ము స్వభావం గురించి. పబ్ యాజమాన్యం 2014 నాటి సహకార, సామాజిక ప్రయోజన సంఘాల చట్టం కింద నమోదైన పేటవాసుల సంఘానిది. అందులో వాటా కొన్నవారు సభ్యులు, ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. ఈ నిధికి ఇచ్చినది వాటా కాదు, చందా మాత్రమే. దానిపై వడ్డీ గాని, ఓటు గాని రాదు. అందుకు ప్రతిగా, ఈ సొమ్ములో ఒక్క పెన్నీ కూడా మద్యం సరుకుకు గాని, బార్ నిర్వహణకు గాని వాడబోమని వసూలు నాడే రాసి ఇచ్చాము. మద్యం ముట్టని కుటుంబాలు కూడా, పిల్లలతో, పెద్దలతో కూర్చుని శాకాహార భోజనం చేయగల గది పేటలో ఉండాలని కోరి చందా ఇచ్చాయి. ఆ నమ్మకాన్ని నిలుపుకోవడం కోసమే నిధిని పబ్ ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాము.

జమ మొత్తం 5,152 పౌండ్లు. కుటుంబాల చందాలు 3,140 పౌండ్లు, అందులో తెలుగు కుటుంబాలవి ఇంటికి 50 చొప్పున 1,150. పబ్ యాజమాన్య సంఘం తన వంతుగా 1,500 ఇచ్చింది. 2024 ఉగాది తరువాతి శనివారం పబ్ తోటలో పులిహోర, మిరపకాయ బజ్జీలు, పాయసం అమ్మగా 512 వచ్చాయి. సరుకుల ఖర్చు వండినవారే భరించినందువల్ల వచ్చినదంతా జమ అయింది. వారికి కమిటీ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది.

ఖర్చు మొత్తం 4,120 పౌండ్లు. అందులో పెద్ద పద్దు భవనం కొలతలకు, నక్షాలకు అయిన 1,980. ఉన్న భవనాన్ని కొలిచి, ఉన్నది, కట్టబోయేది రెండింటి నక్షాలు వేసి, తరువాత మద్యం లైసెన్సు కోసం సవరించిన నక్షా కూడా అదే ధరలో ఇచ్చేటట్లు ముందే ఒప్పందం చేసుకున్నాము. స్థల పటాలు కొనడానికి 38, దరఖాస్తుకు ముందు కౌన్సిల్ ప్లానింగ్ అధికారి సలహా తీసుకోవడానికి 210 అయ్యాయి. సలహా తప్పనిసరి కాదు కదా, ఆ ఖర్చెందుకని కొందరు అడిగారు. మొదటి నక్షాలో గది 44 చదరపు మీటర్లు ఉండేది. అంత గది కడితే వెనుక బండ్లు తిరిగే చోటు చాలదని ఆ సమావేశంలోనే తేలింది. గదిని 38కి తగ్గించడంతో ఆ చిక్కు తీరడమే కాక, అప్పటి రుసుముల పట్టిక ప్రకారం 40 చదరపు మీటర్లు దాటితే కట్టవలసిన 578 పౌండ్లకు బదులు 293తో సరిపోయింది. సలహాకు పెట్టిన ఖర్చుకు మించిన ఆదా ఇక్కడే జరిగింది. ఆన్‌లైన్ పోర్టల్ విడిగా వసూలు చేసే సేవా రుసుము పడకుండా దరఖాస్తును నేరుగా కౌన్సిల్‌కు అందజేశాము.

ఇంత చిన్న గదికి అనుమతి ఎందుకని ఎక్కువమంది అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. దుకాణాలు, కార్యాలయాల వంటివి కొన్ని హద్దులకు లోబడి దరఖాస్తు లేకుండానే కొంత విస్తరించుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు 1 నుండి పబ్‌లు, భవనాల వాడకాన్ని బట్టి చట్టం చేసిన ఏ సాధారణ తరగతిలోనూ చేరని ప్రత్యేక వర్గం కనుక ఆ వెసులుబాటు వాటికి వర్తించదు. ఇది మనకు భారమైనా, ప్లానింగ్ చట్టమే మరోవైపు మనకు రక్ష: 2017 మే నుండి పబ్‌ను మరో వాడకానికి మార్చాలన్నా, కూల్చాలన్నా ప్లానింగ్ అనుమతి తప్పనిసరి అయింది. పేట పబ్‌లు చడీచప్పుడు లేకుండా దుకాణాలుగా మారిపోయే రోజులు అలా ఆగాయి. పెరట్లో కదిలించగల గుడారం వేసుకోవడానికి పబ్‌లకు ప్రత్యేక సౌకర్యం ఉన్నమాట నిజమే. కాని గుడారం చలికాలంలో పిల్లలకు, వృద్ధులకు పనికిరాదు, లోపలి మాటల చప్పుడును పొరుగింటికి చేరకుండా ఆపలేదు కూడా.

చప్పుడు అంశాన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానికి అయిన 936 పౌండ్ల పద్దు మీదనే ఎక్కువ చర్చ జరిగింది. దరఖాస్తుపై అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చిన 21 రోజుల గడువులో సమర్థిస్తూ ఎన్నో లేఖలు వచ్చినా, గోడ పక్క ఇళ్లవారు వంటగది పొగగొట్టం ఫ్యాను మోత, నూనె వాసన, రాత్రి తలుపులు తెరిచి ఉంచడం గురించి అభ్యంతరం తెలిపారు. ప్లానింగ్‌లో లేఖల సంఖ్యకు విలువ లేదు, వాటిలోని కారణానికే విలువ. పైగా రాత్రి నిద్ర గురించి అడిగే హక్కు పొరుగువారికి పూర్తిగా ఉందని కమిటీ అభిప్రాయం. ఫ్యాను శబ్దం వారి కిటికీ వద్ద ఎంత వినిపిస్తుందో బ్రిటిష్ ప్రమాణం 4142 ప్రకారం లెక్కగట్టిన నివేదిక కావాలని అధికారి అడిగినప్పుడు, వాదనకు దిగకుండా నిపుణుడిని పెట్టాము. నివేదిక సూచన మేరకు ఫ్యానును గోడ వైపు నుండి పైకప్పు మధ్యకు జరిపి, మోత తగ్గించే పరికరాన్ని నక్షాలో చేర్చాము. నివేదిక తయారయ్యేందుకు, మామూలుగా 8 వారాలు ఉండే గడువును ఉభయుల అంగీకారంతో పొడిగించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో వచ్చిన అనుమతి పత్రంలో, రాత్రి 9 తరువాత వెనుక తలుపులు మూసి ఉంచాలన్న షరతు ఉంది. అది న్యాయమైన షరతు, దాన్ని పాటించడం మన మర్యాద.

గది కట్టే చోటు ఇప్పటికే తారు వేసిన నేల కనుక కట్టేవారు ప్రకృతికి మేలు పెంచి చూపాలన్న జీవవైవిధ్య నియమం వర్తించలేదు. కొత్త నిర్మాణం 100 చదరపు మీటర్ల లోపే కనుక కొత్త కట్టడాలపై కౌన్సిల్ వసూలు చేసే మౌలిక సదుపాయాల లెవీ కూడా పడలేదు.

పని మొదలుపెట్టే ముందు ఇటుకల నమూనాకు, పొగగొట్టం వివరాలకు విడిగా ఆమోదం పొందాలని మరి రెండు షరతులు ఉన్నాయి. ఈ ఆమోదానికి కట్టే రుసుము షరతుకు ఇంత అని కాదు, దరఖాస్తుకు ఇంత అని లెక్క. అందుచేత రెండింటినీ ఒకే దరఖాస్తులో చేర్చి, 2025 ఏప్రిల్ 1 నుండి రుసుము 298 పౌండ్లకు పెరగబోతున్నదని తెలిసి, మార్చిలోనే 145 పౌండ్లతో పంపాము. మద్యం లైసెన్సు వేరు చట్టం, 2003 నాటిది. కూర్చునే చోటు పెరుగుతున్నది కనుక స్వల్ప మార్పు కింద కాక పూర్తి మార్పు కింద దరఖాస్తు చేయడమే సక్రమమని భావించి 190 రుసుము కట్టాము. చట్టం కోరిన విధంగా స్థానిక పత్రికలో ప్రకటనకు 264 అయ్యాయి. ఈ రెండు పద్దులూ మద్యం సరుకుకు కాదు, గది వాడకానికి కావలసిన అనుమతికే అయినా, ఇచ్చిన మాట దృష్ట్యా వాటిని యాజమాన్య సంఘం ఇచ్చిన 1,500 నుండే చెల్లించినట్లు పుస్తకంలో విడిగా చూపాము. కరపత్రాల అచ్చుకు, సమావేశపు హాలు అద్దెకు 64 ఖర్చయ్యాయి.

నక్షాల బిల్లు, శబ్ద నివేదిక బిల్లు కలిపి 486 పౌండ్ల వ్యాట్ ఉంది. కమిటీకి వ్యాట్ నమోదు లేనందున అది తిరిగి రాదు. పబ్ పేర బిల్లులు తీసుకుని ఉంటే దాన్ని రాబట్టుకునే వీలుండేదేమో పరిశీలించాము. కాని చందాదారుల సొమ్ము పబ్ పుస్తకాలలోకి వెళ్లకూడదన్న నియమానికే ప్రాధాన్యం ఇచ్చి, 2024 మే సమావేశంలో చెప్పి మరీ కమిటీ పేరనే బిల్లులు తీసుకున్నాము.

నిల్వ 1,032 పౌండ్లు ఖాతాలో ఉంది. అనుమతి 3 సంవత్సరాలు చెల్లుతుంది, అంటే 2027 సెప్టెంబరులోగా పని మొదలుకావాలి. ఇటుక, సిమెంటు, కూలి ఖర్చులు ఈ నిధి పరిధిలోవి కావు. వాటికి యాజమాన్య సంఘం వాటాలు విడుదల చేస్తుంది. ఈ నిల్వను భవన నియమాల పరిశీలన రుసుముకు వాడాలని కమిటీ ప్రతిపాదిస్తున్నది. తమ వంతు నిల్వ వెనక్కి కావాలనుకునే కుటుంబం రసీదు చూపి 2025 జూన్ నెలాఖరులోగా అడిగితే, ఇచ్చిన చందా నిష్పత్తిలో చెల్లిస్తాము, కారణం అడగము.

కమిటీలో లేని ఇద్దరు చందాదారులు రసీదులను, వోచర్లను, బ్యాంకు పత్రాలను సరిచూసి సంతకం చేశారు. ఆ దస్త్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం పబ్‌లో కోశాధికారి వద్ద ఉంటుంది. చందా ఇచ్చినవారే కాక, అభ్యంతరం తెలిపిన పొరుగువారు కూడా వచ్చి చూడవచ్చు.

కమిటీ తరఫున,
అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి